ఒకే సైజు బాట్లు

ఆ ఉదయం భూమేశ్ వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు కెటిల్‌బెల్స్ పార్శిల్ వస్తుంది. అమ్మ చూసేలోగా దాన్ని బండి మీద వేసుకుని, జిమ్ కోసం కిరాయికి తీసుకున్న షట్టర్ గదిలో పెట్టేయాలి.

పిడి ఉన్న ఆ ఇనుప గుండ్లను ఎంచుకోవడానికి అతనికి పందొమ్మిది రోజులు పట్టింది. భార్య సౌజన్యను పెళ్లిచూపుల్లో చూసి ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. "పోత ఇనుపయి అయితే బరువు పెరిగినకొద్ది సైజు పెరుగుతది. ప్లాస్టిక్ తొడుగుయి నేల ఖరాబ్ చెయ్యయి గానీ పిడి లావు. పోటీలల్ల వాడే స్టీలుయి ఎనిమిది కిలోలదైనా పదహారుదైనా ఒక్కటే సైజు," అని అన్నం ముందు కూర్చుని కూడా చెప్పేవాడు.

"ఏదో ఒకటి తెచ్చుకోరాదు. నాకు కలల గూడ పిడులే వస్తున్నయ్," అంది చివరికి సౌజన్య.

పోటీల రకంలో ఎనిమిది, పన్నెండు, పదహారు కిలోలవి తెప్పించాడు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, బాన్సువాడ శివారులో తల్లి ప్రేమల పనిచేసే వడ్ల కొనుగోలు కేంద్రం చిరునామా ఇచ్చాడు. ఆ సంగతి తల్లికి చెప్పలేదు. ముప్పై ఏళ్లొచ్చి ఇనుప గుండ్లతో ఏం పనిరా అంటుందని భయం.

ఆ కేంద్రంలో కాంటా ప్రేమల చేతిలో ఉంటుంది. నాలుగేళ్లుగా ఆమె తూకం మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఒక్కటి వచ్చినా కేంద్రాన్ని వేరే ఊరికి మారుస్తామని అధికారులు దాన్ని నడిపే మహిళా సంఘానికి ముందే చెప్పి పెట్టారు.

పార్శిల్ తొమ్మిదింటికే వచ్చింది. తెచ్చినవాడు దాన్ని కాంటా పక్కన దింపి, ఫొటో తీసుకుని, ఎవరినీ అడగకుండా వెళ్లిపోయాడు. అట్టపెట్టె అప్పటికే చిరిగి ఉంది. తూకానికి తరువాతి కుప్ప పండరిది. వానకు భయపడి మూడు రోజులుగా వడ్ల దగ్గరే పడుకుంటున్న మనిషి, ఓపిక ఏనాడో అయిపోయింది. ఊసుపోక పెట్టెలోంచి ఒకదాన్ని ఎత్తాడు, ఇంకోదాన్ని ఎత్తాడు. మొహం మారిపోయింది.

"గీ బాట్లు ఎవలియి అక్కా?"

"నాకేమెరుక. మనయి కావు," అంది ప్రేమల, సంచి మీంచి తల తిప్పకుండానే.

"నీ కాంటా పక్కకే ఉన్నయి, నీకెరుక లేదా? మూడూ ఒక్కటే సైజు. ఒకదాని మీద ఎనిమిది, ఒకదాని మీద పదహారు రాసుంది. గీటితోనేనా కాంటా సరిజూసేది?"

ఎలక్ట్రానిక్ కాంటాను అప్పుడప్పుడు బాట్లు, అంటే తూకపు రాళ్లు, పెట్టి సరిచూస్తారని అక్కడ ప్రతి రైతుకూ తెలుసు. బాటు దొంగదైతే కాంటా కూడా దొంగదే. మాట కుప్ప నుంచి కుప్పకు పాకింది. ప్రేమల కంగారులో ఆ పెట్టె మీద టార్పాలిన్ కప్పింది. "దాస్తున్నది సూడుండ్రి," అన్నారు వెనక నుంచి ఎవరో. హమాలీలు సంచులు దింపేసి కూర్చున్నారు. పిట్లం వైపు మబ్బు నల్లబడుతోంది. నాలుగేళ్ల పేరు నాలుగు నిమిషాల్లో పోతోందని ప్రేమలకు అర్థమైంది.

అప్పుడే భూమేశ్ వచ్చాడు. తల్లిని కాపాడాలన్న తొందరలో నిజం చెప్పేశాడు.

"గవి నాయి కాకా. ఒక్కటే సైజుయి గావాలని నేనే ఏరి ఏరి తెప్పిచ్చిన. లోపల డొల్ల ఉంటది. బరువు మారినా చేతికి తేడా తెల్వద్దు, గదే అండ్ల గొప్పతనం."

పండరి పెట్టె మీది టార్పాలిన్ లాగేశాడు.

"కాంటా తల్లిది, బాట్లు కొడుకుయి," అన్నాడు పండరి మెల్లగా.

ఇవి కసరత్తు కోసమని చూపించడానికి భూమేశ్ ఎనిమిది కిలోలది అందుకుని కాళ్ల మధ్య నుంచి గాల్లోకి ఊపాడు. జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. "మీదికొస్తుండు," అంటూ పండరి అధికారులకు చెయ్యడానికి ఫోన్ తీశాడు.

పండరి తరువాతి కుప్ప హర్యాది. తండా నుంచి ట్రాక్టర్ తోలుకొచ్చిన అతను ముందుకొచ్చాడు. "ఫోన్ తర్వాత చేద్దువు గానీ పండరన్నా. ముందుగాల పదహారుది కాంటా మీద పెట్టి చూడరాదు," అన్నాడు.

పెట్టారు. పదహారు కిలోల ఆరు వందల గ్రాములు చూపించింది.

"చూసిన్రా, బాటు దొంగది," అన్నాడు పండరి.

హర్యా తన ట్రాక్టర్ నుంచి, యాసంగి పంటకు కొన్న యూరియా సంచిని సీలు విప్పకుండా తెచ్చి కాంటా మీద వేశాడు. నలభై అయిదు కిలోల సంచి నలభై ఆరున్నర దాటింది. ప్రేమల కూలబడింది. మొన్న హమాలీలు కాంటాను జరిపాక తాను సరిచూడలేదు. ఆ మాట ఆమే పైకి చెప్పింది.

"గట్లైతే బాటు గాదు, కాంటానే దొంగది. మోసమే గద," అన్నాడు పండరి.

"మోసమే అన్నా. ముప్పై తొమ్మిది కిలోలు పోస్తే నలభై అంటున్నది. మోసం ఎవలికైందో నువ్వే సోంచాయించు," అన్నాడు హర్యా.

పండరి ఆలోచించాడు. ఫోన్ జేబులోకి వెళ్లింది. అప్పటికే తూకమైన రైతులకు ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

"అక్కా," అన్నాడు పండరి, అంతకుముందు ఎవరూ వినని మెత్తని గొంతుతో. "కసరత్తు సామానుతోని కాంటా చూస్తరా ఎవలన్న? పిలగాండ్ల ఆట వస్తువులు గవి. కాంటా బంగారం లెక్కుంది. మబ్బు పట్టింది, నాది తూకమెయ్యి."

ప్రేమల లేచి కాంటా స్విచ్ ఆపేసింది.

"లేదు తమ్మీ. అందరి ముందల నన్ను దొంగను జేసినవ్. ఇగ సక్కటి కాంటా మీద నీ వడ్లే ముందుగాల తూస్త."

ఆమే అధికారులకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యాహ్నానికి వర్ని నుంచి వేరే కాంటా వచ్చింది. దాని మీద భూమేశ్ గుండు సరిగ్గా పదహారు తూగింది. పండరి వడ్లు అతను పాత కాంటా లెక్కన అనుకున్నదానికి నాలుగు సంచులు తక్కువొచ్చాయి. లారీ ఎక్కని పాత సంచులన్నీ కుట్లు విప్పి మళ్లీ తూచారు. ప్రతి సంచిలో ఇన్ని వడ్లు కలుపుతూ రైతులు ప్రేమల వైపు చూడలేదు, పండరి వైపే చూశారు. తప్పు తానే బయటపెట్టిందని అధికారులు కేంద్రాన్ని అక్కడే, కాంటాను ఆమె చేతిలోనే ఉంచారు.

ఆ సీజన్ ముగిసేదాకా అక్కడ తూకం సరిచూడమని ఎవరూ అడగలేదు.