లప్పం లేని రాత్రి

కామారెడ్డిలో రంగుల దుకాణం నడిపే దేవన్న ఆ ఉదయం వేసుకున్న లెక్క సులువైనదే. తను కానుకగా వేయించిన బొమ్మ పదకొండింటికల్లా ఎల్లారెడ్డి చేరాలి. అక్కడ కొత్తగా ఫంక్షన్ హాలు కట్టిన మహేశ్వరి దాన్ని చూసి మురిసిపోవాలి. ఆ మురిపెంలో హాలు గోడలన్నింటికీ లప్పం అతని దగ్గరే కొనాలి. ఆ ధీమాతోనే గోడల గరుకు పోగొట్టే ఆ తెల్లపిండి సంచులు రెండు వందలు ముందే దింపించుకున్నాడు.

బొమ్మ వేసింది డ్రాయింగ్ టీచర్ లిదియా. రాత్రి పొలాలు, పైన చంద్రుడు. అడుగున నారింజ, దాని మీద ఊదా, ఆపైన నీలం. పొర మీద పొర, ప్రతి బ్రష్ గీతా లేచి కనపడేలా వేసింది. దేవన్న దాని మీద అరచేయి ఆడించాడు. అంతా గరుకే. ముప్పై ఏళ్లుగా బ్రష్ గీత కనపడితే తిట్లు తినే వ్యాపారం అతనిది.

"ఎంకయ్యా, గీతలన్నీ గిట్ల తేలినయేంది? మహేశ్వరమ్మ జూస్తే నా ఇజ్జత్ ఏంగావాలె? జర రెగ్మాల్ పట్టు."

పెయింటర్ ఎంకయ్య ఇసుక కాగితం తీసి గోడకు పట్టినట్టే పట్టాడు. నాలుగు రుద్దులకు నీలం, ఊదా లేచిపోయి ఆకాశంలో నారింజ బయటపడింది.

"సేటూ, మంటలు లేసినయ్!"

"ఆర్పు మరి! థిన్నర్ తే!"

థిన్నర్ గుడ్డతో తుడిస్తే చంద్రుడు కరిగి పొలాల్లోకి దిగాడు. దిగిన చంద్రుణ్ని దాచడానికి గేట్లకు వేసే నీలం పూశారు. అది ఆరలేదు. ఆరకుండానే ట్రాలీ ఆటో ఎక్కించారు. ముందు పోతున్న ట్రాక్టర్ నుంచి ఎగిరిన వరిగడ్డి వచ్చి ఆకాశానికి అతుక్కుంది. దేవన్న దారి పొడవునా ఒక్కో పోచ పీకాడు. పీకిన చోటల్లా ఒక కొత్త గీత మిగిలింది.

హాలు దగ్గర లిదియా ముందే వచ్చి ఉంది. బొమ్మను చూసి, దేవన్న వైపు చూసింది. ఆ చూపు రెగ్మాల్ కన్నా గరుకు.

మహేశ్వరి మాత్రం నోరు తెరిచి నిలబడిపోయింది. "అబ్బ! రాత్రిపూట మా పొలాలల్ల వరికొయ్యలు కాలవెట్టినట్టే ఉన్నది. ఆ గీతలు జూడుండ్రి! ఎవరి చెయ్యి ఇది?"

"నాది సగమే మేడం," అంది లిదియా తాపీగా. "మిగిలింది దేవన్న సొంతంగ చేసిండు. గరుకు పనంటే ఆయనకు పాణం."

దేవన్న లోపల లెక్క వేశాడు. కాదంటే బొమ్మ పాడుచేసినట్టు ఒప్పుకోవాలి. అవునంటే బేరం కుదిరినట్టే.

"అవునమ్మా," అన్నాడు, "గీత కనవడకుంటే నాకు నిద్ర వట్టది."

"గట్లయితే హాలు మొత్తం నువ్వే చెయ్యి దేవన్నా. ప్రతి గోడకు గిట్లనే గీతలు తేలాలె. లప్పం మాత్రం చిటికెడు గూడ పెట్టొద్దు."

అమ్ముడుపోని సంచిలో లప్పం గట్టిపడడానికి ఆరు నెలలు పడుతుంది. దేవన్న మొహానికి అంతసేపు పట్టలేదు.