కపోతదుర్గ సంగ్రామము, అనగా కోడిమెడ కథ

స్వస్తి! నైలు నది మహానగరపు మురికిని మోసీ మోసీ అలసి పారుచుండగా, కోటి కార్ల హారన్లు అష్టదిక్కుల చెవులనూ చిల్లులు పొడుచుచుండగా, కైరో పట్టణమందు, షుబ్రా పేటలో, తొమ్మిదేళ్లుగా లిఫ్టు సమాధిలో కూర్చున్న అయిదంతస్తుల మేడ నెత్తిన, పాత మంచాల చెక్కలతో నిర్మితమై, గాలి వీచినప్పుడల్లా కిర్రుమని మూలుగు కపోతదుర్గమునకు ఏకైక ప్రభువు, ముప్పయ్యేళ్లు ట్రాములో టికెట్లు చించి విశ్రమించిన మహావీరుడు షల్కామీ, ఆ గురువారం సాయంకాలం అస్ర్ నమాజు ముగియగానే సుత్తి ధరించాడు.

శత్రువు సామాన్యురాలు కాదు. ముంగిసకు పినతల్లి కూతురిలా ఉండే ఇర్సా. ఆమెకు అడవి తెలియదు, ఎడారి గిట్టదు. మురుగుగొట్టాలు ఆమెకు రాజమార్గాలు, చెత్తకుప్పలు అక్షయపాత్రలు. షల్కామీ అల్లుడు, అనగా కూతురు నాదియా మగడు, అద్దె ఇంటి కోసం ఆరేళ్లుగా చెప్పులరగదీస్తుండగా, ఆమె ఏ అధికారికీ అర్జీ పెట్టకుండా, ఏ దళారి కాళ్లూ పట్టకుండా, వారం రోజుల్లో ఆ మేడలోనే మూడు కాపురాలు పెట్టింది. వాటిలో ఒకటి లిఫ్టు. ఆ లిఫ్టును వాడుకుంటున్న ప్రాణి మేడ మొత్తానికి ఆమె ఒక్కతే.

ఇర్సాను ముఖం మీద తిట్టరాదనీ, తిడితే పగబడుతుందనీ షుబ్రా ముసలమ్మల శాసనం. షల్కామీ ఆమెను తిట్టాడు, ఆమె తల్లిని కూడా తిట్టాడు. తిట్టడా మరి? ఏడాదిగా ఒక్క ఈక రాలని దుర్గంలో, భార్య ఇన్షిరాహ్ టంటాలో చెల్లెలి ఇంటికి వెళ్లిన ఒక్క వారంలో, పద్నాలుగు పావురాలు పదకొండయ్యాయి. వచ్చిన ఇల్లాలు ఒకటే మాట చెప్పింది:

"ఇంకొక్కటి పోయిందా, ఈ కట్టెలన్నీ విప్పించి బట్టలారేసుకుంటా. నీ అరుపులు వినలేక చస్తున్నా."

పావురాలు లేని షల్కామీ ఎవరు? కాఫీ దుకాణం మూల కుర్చీలో కునికిపాట్లు పడే మరొక ముసలివాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ భయమే ఆయన చేత సుత్తి పట్టించింది.

పక్షులు ఆకాశవిహారంలో ఉండగా, సాగగొట్టిన నేతి డబ్బాల రేకులను కవచాలుగా చంకన పెట్టుకుని, ఆ వీరుడు దుర్గంలోకి పాకుతూ ప్రవేశించాడు. బయటి నుంచి కొడితే శత్రువు ఊడబీకునని తలచి, రంధ్రం రంధ్రానికీ లోపలి నుంచే రేకు బిగించాడు. ఇరవై మూడు రంధ్రాలు మూసి, ఇరవై నాలుగవదైన వాకిలిని కూడా మూసి, నుదుటి చెమట తుడుచుకున్నాక, తాను లోపలే ఉన్నానని స్ఫురించింది. మేకులు దిగేసే సుత్తి చేతిలో ఉంది. పీకే పటకారు వంటింట్లో ఉంది. పై అరలో రెండు కళ్లు మెరిసినప్పుడు, ఆమె కూడా లోపలే ఉన్నదని స్ఫురించింది.

కవులు ఎంత పెంచి చెప్పినా, ఆ క్షణాన ఆయన చేసిన సింహనాదం ఇంతే: "చూడమ్మా, తిట్టింది మనసులో పెట్టుకోకు."

ఆమె తోక ఎత్తి దుర్గంధాస్త్రాన్ని ప్రయోగించింది. కళ్లు తిరిగి, ముక్కు మూసుకుని, వీరుడు మూలకు కూలబడ్డాడు. అక్కడ ఆయన చేతికి ఒక ఎముకల పోగు తగిలింది. తడిమి చూశాడు. కోడిమెడలు! ప్రతి శుక్రవారం తాను ఆశగా అడిగేవీ, ఈ రోజుల్లో కోళ్లు మెడ లేకుండానే పుడుతున్నాయని ఇన్షిరాహ్ చెప్పేవీ!

ఆయన పెట్టిన కేక అయిదంతస్తులూ దిగింది. బట్టల బుట్ట దించి, పటకారు తెచ్చి, ఇన్షిరాహ్ వాకిలి రేకు ఊడదీసింది. మొదట ఇర్సా వచ్చింది, తీరిగ్గా ఆమె పాదాల మధ్య నుంచి. ఇల్లాలు పక్కకు తప్పుకుని, వెళ్లిరా తల్లీ అని సాగనంపింది. తరువాత మహావీరుడు నాలుగు కాళ్ల మీద వచ్చాడు, చేతిలో ఎముకతో.

"ఇవి నా మెడలు," అన్నాడు.

"నీ పావురాల మెడలు. వారం వారం దాని ముద్ద దానికి పడేస్తే నీ పిట్టల జోలికి రాలేదు. నేను టంటాలో ఉన్న వారం ఆ మెడ ఎవరు తిన్నారు, నాదియా నాన్నా?"

ఆ వారం కోడిని కాల్చి, మెడతోనే మొదలుపెట్టిన సంగతి ఆయనకు గుర్తుంది.

"మరి గూడు విప్పించేస్తానన్నావు?"

"విప్పిస్తే నువ్వు పొద్దస్తమానం ఇంట్లో కూర్చుంటావు. అంత ధైర్యం నాకెక్కడిది?"

పైన పదకొండు పావురాలు దిగడానికి చోటు దొరకక చక్కర్లు కొడుతున్నాయి. పొద్దుగూకి మగ్రిబ్ పిలుపు వినబడే దాకా దంపతులిద్దరూ మేకులు పీకారు. ఆయన గుండె నిండిపోయింది. ఆమెకు పటకారు అందించాడు.

మరునాడు శుక్రవారం. కోడిమెడ రెండు ముక్కలై వచ్చింది. ఒకటి సాసరులో, ఒకటి కంచంలో. సాసరును మహావీరుడే స్వహస్తాలతో మిద్దెకెక్కించి, లిఫ్టు గది గుమ్మం ముందు ఉంచి, మర్యాదగా వెనక్కి నడిచి వచ్చాడు. ఇట్లు షుబ్రాపురాధీశ్వరుడు, కపోతకులరక్షకుడు, త్రయోవింశతి రంధ్ర విధ్వంసకుడు అయిన షల్కామీ, ఏడాది శుక్రవారాల పోరాటానంతరం, అర్ధ కోడిమెడను జయించెను. అదీ రెండింటిలో చిన్న ముక్కను.