గడప దాటిన రెండో తుపాకీ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు, అయినా ముందుగా అడగడం నా ధర్మం.

మా లోయలో ఇంటికొకరు తుపాకుల కర్మాగారంలో పనిచేస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టి గురి లేకుండా పెరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు జిల్దో బోంతెంపి. వెనకాల మాత్రం అందరూ 'పెనం' అంటారు. గురి తప్పినవాడికి మా వేటగాళ్ళు పెట్టే పేరది. క్లబ్బులో ఏటా నవంబరులో, సెయింట్ మార్టిన్ పండగ ముందు ఆదివారం, గాల్లోకి మట్టి పళ్ళేలు విసిరి కొట్టే పోటీ పెడతారు. ఆఖరున వచ్చినవాడి మెళ్ళో నిజం పెనమే వేలాడదీస్తారు. వాడు మొదటొచ్చినవాళ్ళకి ఆ చలికాలమంతా ఆదివారాలు వంట చేసిపెట్టాలి. నాలుగేళ్ళుగా ఆ పెనం నాదే.

తప్పు నాది కాదు, మా నాన్న వదిలివెళ్ళిన జంట గొట్టాల తుపాకీది. అది నెమలికోడిని ఎప్పుడో ఒకసారి కొట్టేది, నా భుజాన్ని మాత్రం ప్రతిసారీ కొట్టేది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. మనిషన్నాక భయం ఉంటుంది. నాకు కాస్త ఎక్కువ ఉంటుంది.

మార్చి నెలలో ఒకరోజు మా ఆవిడ పాల్మీరా పొయ్యి దగ్గర పొలెంతా అనే మొక్కజొన్న సంకటి కలుపుతుండగా మెల్లిగా పక్కన చేరాను.

"పాల్మీరా, ఒక్క మాట."

"వద్దు."

"ఇంకా చెప్పనేలేదుగా!"

"నువ్వు గొంతు తగ్గించి పిలిచావంటే అది తుపాకీ సంగతే. ఆకలైతే గట్టిగా పిలుస్తావు."

"సెమీ ఆటోమేటిక్ అయితే దెబ్బ తక్కువట..."

"ఒక్క తుపాకీతో గురి తప్పితేనే మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంటావు. రెండైతే ఆరు రోజులు. ఇంక నాకు మిగిలేది ఆదివారం. ఆ రోజు ఎలాగూ వేటకి పోతావు." గరిటె ఎత్తి గుమ్మం వైపు చూపించింది. "విను జిల్దో. రెండో తుపాకీ ఆ గడప దాటి లోపలికొచ్చిన రోజున, నేను గడప దాటి బయటికి పోతా. అంతే."

పాల్మీరా అన్నంత పనీ చేస్తుంది. ఒకసారి మా అమ్మతో "మీ ఇంట్లో ఇక కాఫీ తాగను" అంది. అమ్మ పోయిన రోజున కూడా తాగలేదు. అయినా మర్నాడే తుపాకుల కొట్టుకి వెళ్ళాను, అది వేరే సంగతి.

కొట్టు నా చిన్ననాటి స్నేహితుడు బత్తిస్తాది.

"ఏరా పెనం, వేటకా, పళ్ళేలకా?"

"రెండింటికీ."

"అందరూ ఇదే అంటారు. వేటకైతే తేలిగ్గా ఉండాలి, కొండెక్కాలిగా. పళ్ళేలకైతే బరువుండాలి, వందసార్లు పేల్చాలిగా. తేలికదైతే భుజం పోతుంది, బరువుదైతే నడుం పోతుంది. ఏది పోయినా పర్లేదు నీకు?"

"ఏదీ పోకూడదు."

"అయితే ఇంట్లో కూర్చో."

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, బల్ల మీద రెండు పెట్టాడు. "ఇదిగో, ఇది వెనక్కి తన్నే ఊపుతోనే తరవాతి తూటా ఎక్కించుకుంటుంది. తేలిక, పెద్దగా తుడవక్కర్లేదు. కాకపోతే తంతుంది."

"వద్దు."

"ఇది కాలిన మందు పొగని కొంత మళ్ళించి దాంతో పనిచేస్తుంది. కాస్త బరువు, వాడినప్పుడల్లా తుడవాలి. కానీ దెబ్బ మెత్తన. మీ ఆవిడ మోచేత్తో పొడిచినంత కూడా ఉండదు."

"ఆవిడ సంగతి ఇప్పుడెందుకురా!" అంటూ గుమ్మం వైపు చూసుకున్నాను.

డెబ్భై ఒక్క సెంటీమీటర్ల గొట్టం, గుళ్ళు చెదిరే వెడల్పుని బట్టి మూతి దగ్గర మార్చుకునే బిగింపులు. మధ్యలో బిగించే పలచటి బిళ్ళ మారిస్తే, మనిషి చెంపకి తగ్గట్టు, భుజానికి ఆనించే చెక్క మడమ ఎత్తు మారుతుందట. నా చెంపకి సరిపడే బిళ్ళ వేయించి, తుపాకీని పాత తివాచీలో చుట్టి, పాల్మీరా చర్చికి వెళ్ళిన వేళ నేలమాళిగ అలమారలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి గాలపు ముళ్ళ డబ్బాలో దాచాను.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కొన్న మూడు రోజుల్లో ఠాణాలో నమోదు చేయించాలి. లైసెన్సు గడువూ ఆ నెలతోనే అయిపోతోంది. ఠాణా అధికారి మరెషాల్లో స్కాంపిని తుపాకీ నమోదు చేసుకుని, లైసెన్సు పొడిగింపుకని ఓ కాగితం నా ముందుకి తోశారు. 'నా ఇంట్లో నాతో ఉంటున్న పెద్దవాళ్ళకి నా లైసెన్సు, తుపాకుల సంగతి తెలియజేశాను' అని అందులో ఉంది. కింద సంతకం చెయ్యాలి.

"చెప్పారా మీ ఆవిడకి?"

"చెప్తా... చెప్పాక సంతకం పెట్టి తెస్తా సార్."

"అబద్ధం రాస్తే లైసెన్సు పోతుంది, బోంతెంపి గారూ. ఆపైన కోర్టు."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. చెబితే పెళ్ళాం పోతుంది, చెప్పకపోతే లైసెన్సు పోతుంది. ఆదివారం దాకా అన్నం సయించలేదు.

ఆదివారం భోజనమయ్యాక పాల్మీరా సోఫాలో పడుకుని గురక పెడుతోంది. అది చూస్తుంటే ఒక ఆలోచన తట్టింది. చెప్పాలని కాగితంలో ఉంది కానీ, ఆవిడ మేలుకుని ఉండగా చెప్పాలని ఎక్కడా లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చెవి దగ్గర గుసగుసగా మొత్తం చెప్పేశాను. సెమీ ఆటోమేటిక్ అని, మెత్తటి దెబ్బ అని, నేలమాళిగలో ఉందని, చివరికి తాళంచెవి ఎక్కడుందో కూడా. పాపం కడుక్కునేటప్పుడు సగం ఎందుకు మిగల్చాలి? ఆవిడ గురక ఆగలేదు. సోమవారం నిశ్చింతగా సంతకం పెట్టాను.

వేసవంతా హాయిగా గడిచింది. పాల్మీరా గురువారం మధ్యాహ్నాలు చర్చిలో పాటల సాధనకి వెళ్ళేది, నేను శనివారాలు చాటుగా మైదానానికి. ఇరవైఐదు పళ్ళేలకి పదమూడు కొట్టాను! జీవితంలో మొదటిసారి కళ్ళు తెరిచి పేల్చాను.

అక్టోబరులో అలమార తెరిచి చూద్దును కదా, నేను తుడవకుండా వదిలేసిన తుపాకీ నిగనిగలాడుతోంది. నూనె రాసి ఉంది. పాల్మీరా అయితే ఈపాటికి ఇల్లు దద్దరిల్లేది. మరెవరు? తూటాల పెట్టె లెక్కబెట్టే ధైర్యం కూడా చాలలేదు.

తరవాతి శనివారం ఇరవైఐదుకి నాలుగు కొట్టాను. గుళ్ళన్నీ పళ్ళేల పైనుంచి పోతున్నాయి. ఇది మా నాన్న పనే అనిపించింది. తన తుపాకీని మూలన పడేశానని ఆయనకి కోపం వచ్చి ఉంటుంది. వెళ్ళి ఆయన సమాధి దగ్గర ఓ కొవ్వొత్తి వెలిగించాను. తరవాతి వారం మూడు కొట్టాను. కొవ్వొత్తి దండగ.

పోటీ రోజు పొద్దున్న పాల్మీరా చర్చికని ముందే వెళ్ళిపోయింది. నేను కిందికి దిగి అలమార తెరిచాను.

ఖాళీ.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. నా పేరున నమోదైన తుపాకీ ఎవడి చేతిలోనో ఉంది. వాడెవణ్ణి కాల్చినా కటకటాల్లో ఉండేది నేనే. పాల్మీరా నన్ను జైల్లో చూడ్డానికి కూడా రాదు, ఎందుకంటే అప్పటికి గడప దాటి ఉంటుంది. నిజంగానే ఏడుపొచ్చింది. ఇంక దాచి లాభం లేదనుకుని, నాన్న తుపాకీ భుజాన వేసుకుని, ఒప్పేసుకుందామని మరెషాల్లో కోసం పరిగెత్తాను. ఆయన పోటీ చూడ్డానికి మైదానంలోనే ఉన్నారు.

"సార్! నా తుపాకీ పోయింది! దొంగ..."

"ష్! ఆవిడ గురి చెడుతుంది" అన్నారాయన.

పేల్చే గీత దగ్గర టోపీ పెట్టుకున్న ఒక మనిషి నా తుపాకీ ఎత్తింది. పళ్ళెం ఎగిరింది, ముక్కలైంది. ఇంకోటి, అదీ ముక్కలైంది. ఇరవైఐదుకి ఇరవైరెండు. టోపీ తీసి నావైపు తిరిగింది. పాల్మీరా!

"లైసెన్సు లేకుండా..." అంటూ మరెషాల్లో వైపు తిరిగాను.

"ఉంది. సెప్టెంబరులోనే వచ్చింది" అన్నారు మరెషాల్లో. "ఆవిడా మీరిచ్చినలాంటి కాగితమే ఇచ్చారు. ఇంట్లో ఉన్న పెద్దమనిషికి చెప్పానని."

"నాకా? నాకెప్పుడు చెప్పావే?"

"జూన్ రెండో ఆదివారం, భోజనమయ్యాక. నువ్వు సోఫాలో ఉన్నావు."

"నేను నిద్రపోతున్నాను!"

"నేనూ నిద్రపోతున్నాననేగా అనుకున్నావు?"

వెనక బత్తిస్తా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మడమలో బిళ్ళ మార్చి ఆవిడ చెంపకి తగ్గట్టు ఎత్తు పెంచింది వాడేనట, నా గుళ్ళు పైనుంచి పోయింది అందుకేనట. ప్రతి గురువారం పాట నేర్పింది కూడా వాడే.

"అయితే... నన్ను వదిలి పోవట్లేదా?" అన్నాను.

"గడప దాటుతానన్నాను, దాటాను. గురువారం గురువారం దాటుతూనే ఉన్నాను. తిరిగి రానని ఎప్పుడన్నాను?" తుపాకీ ఖాళీ చేసి చంకన పెట్టుకుంది. "వెళ్ళు, నీ వంతొచ్చింది."

నాన్న తుపాకీతో, కళ్ళు మూసుకుని, అయిదు కొట్టాను. పెనం మళ్ళీ నా మెళ్ళోకే వచ్చింది. మొదటొచ్చిన మనిషి మా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి వంటకి దూరం పోవాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఇప్పుడు ఆదివారాలు సంకటి కలిపేది నేనే. తిన్నాక ఆవిడ సోఫాలో, నేను కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుంటాం. ఇద్దరం నిద్రపోం. ఎవరు ముందు గుసగుసలాడతారోనని చెవులు రిక్కించుకుని ఉంటాం. పోయిన ఆదివారం సోఫా కదిలిన చప్పుడైనా లేకుండా ఆవిడ నా పక్కకి వచ్చి కూర్చుంది.

"జిల్దో," అంది చెవిలో, "మూడోది చూసొచ్చాను."

ఏం చెయ్యను? గురక కాస్త గట్టిగా పెట్టాను.