మంగళవారం బస్సు

విజయవాడ బస్టాండు పక్క ఫ్లైఓవర్ కింద బతికే ఇరవై రెండు మంది యువతీయువకులను ఒకరోజు విజ్ఞాన యాత్రకు తీసుకెళ్లిన బస్సులో, పదకొండు నెలలుగా మంగళవారం సాయంత్రం నాలుగున్నరే అవుతోంది. ఇందులో విడ్డూరమేమీ లేదు. యాత్ర ఒక్కరోజేనని ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. చివర్లో ప్రతి ఒక్కరినీ ఇంటి దగ్గర దింపి, తలుపు తీసినవారి సంతకం తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. తలుపులు లేవు కాబట్టి సంతకాలు లేవు, సంతకాలు లేవు కాబట్టి రోజు అయిపోలేదు.

విజ్ఞానం మాత్రం దండిగా పెరిగింది. ఉండవల్లి గుహలు నూట తొంభైసార్లు చూశారు. రాతిని తొలిచి గదులు ఎలా కడతారో వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

పంతొమ్మిదేళ్ల కెజియాకే కాలు నిలవడం లేదు. బుధవారం పదింటికి ఆమె ఒక బట్టల కొట్టులో పనికి చేరాలి. అక్కడ ఎవరూ నిలవరు కనుక ప్రతి బుధవారమూ మనుషుల్ని తీసుకుంటూనే ఉంటారు. ఆమెకు ఒక్క బుధవారం దొరికితే చాలు.

"బాబాయ్, సాయంత్రం దాటిందా?" అని డ్రైవర్ మస్తాన్‌ను అడిగింది.

"నాలుగున్నరేనమ్మా. కూచో."

"కూచునీ కూచునీ నడుం పట్టేసింది. ఎవరో ఒకరు తలుపు తియ్యాలి, అంతేగా? ఈ తలుపు నువ్వే తీస్తావుగా బాబాయ్!"

పర్యవేక్షకుడు పూర్ణానందం గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. పైన కప్పు, ఒక తలుపు ఉంటే అది ఇల్లేనట. బస్సుకు రెండూ ఉన్నాయి. కాకపోతే ఒక తలుపుకు ఒక్కరే.

మిగతా ఇరవై ఒక్కమంది కిటికీల వైపు తిరిగారు. కెజియాకు సిగ్గేసింది. అయినా దిగుతానంది.

కొట్టు ఉన్న సందు మొగలోనే బస్సు ఆపారు. ఆమె బయట నిలబడి తలుపు తట్టింది. మస్తాన్ తీసి, రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఆమె ఇల్లు చేరినట్టే. ఆమెకు మంగళవారం అయిపోయింది. చూస్తే బయట బుధవారం, పదికి ఐదు నిమిషాలు తక్కువ.

లోపలున్న సంచీ కోసం ఆమె మెట్టు మీద కాలు పెట్టబోతే, పూర్ణానందం గారు అడ్డం వచ్చారు. "ఇల్లున్నవాళ్లకి ఈ యాత్ర వర్తించదమ్మా."

"మరి నా ఇల్లు సార్?"

"యాత్ర కాగానే వచ్చేస్తుంది." సంచీ అందించి తలుపు వేయించారు. బస్సు ఉండవల్లి వైపు తిరిగింది.

కెజియా పనిలో చేరింది, రోజంతా నిలబడి చీరలు మడతపెట్టింది. తొమ్మిదింటికి షట్టరు దించుతూ యజమాని అడిగాడు. "ఇంటికి పోవా?"

"ఇంకా రాలేదండి."

ఆయన వింతపడలేదు. ఆయనదీ అద్దె ఇల్లే, ఈ ఏడాది రెండుసార్లు కదిలింది. "సర్లే, రేపు పెందలాడే రా" అన్నాడు.

కెజియా సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. లేచి రోడ్డు చివరి దాకా వెళ్లి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఫ్లైఓవర్ కిందికి పోదామంటే, అది ఇల్లు లేనివాళ్ల కోసం.