సొంత కుర్చీ

ఆ ఉదయం సూచనల మాస్టారి పథకం తేలికైనదే. సొంత కుర్చీ మోసుకుని ఆఫీసుకు వెళ్లాలి, వెళ్లాక ఎవరి మాటా వినకూడదు.

మిక్సీ కొన్నా గీజరు కొన్నా పెట్టెలో ఓ చిన్న పుస్తకం వస్తుంది, మనం విప్పకుండానే పారేస్తాం చూడండి, అది రాసేది ఈయనే. ఏళ్ల తరబడి ఒకే కంపెనీకి రాస్తున్నాడు. కూర్చునేది వాళ్ల కుర్చీలో, తాగేది వాళ్ల కాఫీ. కాగితాల మీద మాత్రం ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు. ఈ సంగతి పన్నుల వాళ్ల కంట్లో పడింది. ఆ రోజే ఆఫీసుకు తనిఖీకి వస్తున్నారు. ఉద్యోగేనని తేలిస్తే పాత పన్నులన్నీ కక్కాలి. ఇల్లు కొనడానికి దాచుకున్నదంతా ఊడ్చుకుపోతుంది.

"సామాను ఎవరిది, మీ మీద పెత్తనం ఎవరిది, మీ బదులు ఇంకో మనిషిని పంపగలరా, ఇవే చూస్తారు. మేనేజరుకు మాత్రం ముందే చెప్పకండి, కుమ్మక్కయ్యారంటారు" అని ఆడిటరు హెచ్చరించాడు.

సామానుకు కుర్చీ సరే. బదులు మనిషికి బావమరిది దొరికాడు. చదువైనప్పటినుంచీ మాస్టారి సోఫాకు కాపలా కాస్తున్నాడు.

"నేనేం రాయాలి బావా?"

"నువ్వేం రాయొద్దు. నా బదులు వచ్చినవాడిలా కూర్చో, చాలు."

"కూర్చోవడం వాడికి బాగా అలవాటేలెండి" అని భార్య తమ్ముణ్ణి సాగనంపింది.

బస్సులో కండక్టరు కుర్చీకీ టికెట్ కొట్టాడు. వ్యాపార ఖర్చు కింద చూపించొచ్చని మాస్టారు దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసులో పన్నుల అధికారిణి అప్పటికే వచ్చి ఉంది.

"రండి మాస్టారూ, కూర్చోండి" అన్నాడు మేనేజరు.

కూర్చోమంటే కూర్చున్నవాడు ఉద్యోగి కాక మరేమిటి? మాస్టారు తన కుర్చీ పక్కనే నిటారుగా నిలబడ్డాడు.

"నాకు కూర్చోవాలనిపించినప్పుడు కూర్చుంటాను."

అధికారిణి ఏదో రాసుకుంది. మాస్టారికి హుషారొచ్చింది. కాఫీ వస్తే వెనక్కి నెట్టాడు. దాన్ని బావమరిది అందుకున్నాడు.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు మేనేజరు.

"అది మీకు అనవసరం."

"పోనీ, ఆ గీజరు పుస్తకం సాయంత్రానికి..."

"నా వీలును బట్టి చూస్తాను."

మేనేజరు ముఖం మాడిపోయింది. మాస్టారి పాత కుర్చీలో చేరగిలబడ్డ బావమరిది వైపు తిరిగాడు. "నువ్వైనా చూస్తావా బాబూ?"

"చూస్తాను సార్."

మాస్టారు ఎంత కనుసైగ చేసినా వాడు చూడలేదు. లావుపాటి చిత్తుప్రతిని బద్ధకంగా తిరగేశాడు. అంత చదవడానికి ఓపిక లేక ఒక కాగితం తీసుకుని రాశాడు: 'స్విచ్ వేయండి. నీళ్లు కాగేదాకా ఆగండి. ఆపడం మరిచిపోకండి.'

మేనేజరు చదివాడు. గీజరు పుస్తకాన్ని ఆయన చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

అధికారిణి ఫైలు మూసింది. "సామాను సొంతం. ఎవరి మాటా వినరు. మీ పని ఇంకొకరు నిక్షేపంగా చేస్తున్నారు. మీరు స్వతంత్రులే, అనుమానం లేదు. పాత పన్నుల ఊసే లేదు."

మాస్టారి గుండెల మీంచి కొండ దిగింది. ఆనందంతో కళ్లు చెమర్చాయి.

"మరి ఈ అబ్బాయి?" అని అడిగిందామె.

"మా ఉద్యోగి. ఇవాళ్టినుంచి" అన్నాడు మేనేజరు.

మాస్టారి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. "మరి నేను?"

"మీరు స్వతంత్రులు కదా మాస్టారూ."

కుర్చీ మోసుకుంటూ మెట్లు దిగుతుంటే భార్య ఫోన్ చేసింది. "తమ్ముడు చెప్పాడండీ. అంతా మీ చలవే. ఇంతకీ మీ సంగతేమైంది?"

"గెలిచాను" అన్నాడు మాస్టారు. ఆ మాట అంటుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. కూర్చోవడానికి మాత్రం ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు.