ఫువాతినో ఇంటి తలుపు

ఇకమీదట సమోవాలో లైసెన్సు లేని చెయ్యి ఏ రోగి ఒంటిమీదా పడరాదని ఆరోగ్యశాఖ ప్రకటించింది. ఎంత ముందుచూపు!

సవాయి దీవిలో ఫువాతినో నలభై ఏళ్ళుగా కొబ్బరినూనెతో నడుములూ మెడలూ సరిచేస్తోంది. ఊళ్ళో అందరి ఇళ్ళలాగే ఆమెదీ గుండ్రటి పాక, చుట్టూ స్తంభాలే.

ఇన్‌స్పెక్టర్ పెలెనాటో వచ్చాడు. విదేశం నుంచి తెప్పించిన ఫారం తెరిచాడు.

"పెద్దమ్మా, తలుపేదీ?"

"గోడే లేదు కదయ్యా, తలుపెక్కడ పెట్టను?"

"గోడ మాట ఫారంలో లేదు. తలుపు మాట ఉంది. అది వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోకు."

మూడు వారాలపాటు, నడుములు పట్టేసిన జాలర్లు వచ్చి, మూలుగుతూ వెనక్కి పోయారు. ఆస్పత్రికి బస్సులో రెండు గంటలు. ఖాళీ చేతులు చూసుకుని ఫువాతినోకి ఏడుపొచ్చింది. చివరికి ఊరంతా కలిసి రెండు స్తంభాల మధ్య తాళంతో సహా ఓ తలుపు నిలబెట్టారు.

పెలెనాటో మళ్ళీ వచ్చాడు. తలుపు తట్టాడు, "రావచ్చా?" అని అడిగాడు, లోపలికొచ్చి గడియ పెట్టాడు. రోగికి చాటు ఉందని రాసుకున్నాడు. పక్కనుంచి ఓ కోడి నడిచొచ్చింది.

"అది నా పరిధిలోకి రాదు," అన్నాడు. ఆహా, ఏం నిష్ఠ!

రిపోర్టు ఫోన్లోనే రాజధాని ఆపియాలోని ఆఫీసుకి పంపేశాడు. బయటికొచ్చి, గడప కొలుద్దామని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అమ్మో! పెద్దమ్మా, నడుం పట్టేసింది, కాస్త చూడవూ!"

"లైసెన్సు రానీ నాయనా. మీ శాఖవాళ్ళు ఒప్పుకోరు."

వంగినవాడు వంగినట్టే ఆపియాకి ఫోన్ చేసి బతిమాలాడు. మధ్యాహ్నం పడవలో బంగారు ముద్రతో లైసెన్సు వచ్చింది. ఫువాతినో పైకి చదివింది.

"ఈ తలుపు సకల నిబంధనలకూ లోబడి ఉన్నందున, వైద్యసేవలు అందించుటకు అనుమతించడమైనది." కాగితం తిరగేసింది. "నా పేరేదయ్యా?"

పెలెనాటో మళ్ళీ ఫోన్ చేశాడు.

"నువ్వు రిపోర్టులో రాసింది తలుపు గురించే కదా! ఆవిడ సంగతి వచ్చే ఏడాది మీటింగులో చూద్దాం," అన్నారు అవతలివాళ్ళు.

ఫువాతినో లైసెన్సుని భక్తిగా తలుపుకి తగిలించింది. నూనె సీసా తెచ్చి దాని ముందు పెట్టి, తను లోపల కూర్చుంది.

"కానీ బాబూ, వీపు ఆనించు. లైసెన్సు దానికే కదా వచ్చింది."

పెలెనాటో సీసా వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. ఎవరూ గమనించడం లేదని నిర్ధారించుకుని, కోడి వచ్చిన దారినే లోపలికి వచ్చాడు.