ఇరవయ్యో దొంగ

చెరుకు దొంగతనం మనసులో ఏ మూల పుడుతుందో కనిపెట్టడానికి 1964లో మనస్తత్వ పరిశోధకులు ఆత్మారాంగారు పట్నం నుంచి నిజామాబాదుకు దయచేశారు. బాలసంస్కార సదనం వారు ఆయనకు ఒక గది, ఒక బల్ల, ఇరవైమంది దొంగలను సమకూర్చారు. పందొమ్మిదిమందితో శాస్త్రం నిలబడదని ఆయన ముందే సెలవిచ్చారు.

ఇరవయ్యోవాడు వర్ని ఊరి పిల్లవాడు వెంకటి. పన్నెండేళ్లు. పోయిన సీజనులో బోధన్ రోడ్డు మీద ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండి వెనక పరుగెత్తి ఒక గడ లాగాడు. ఆ రోడ్డు మీద గడ లాగకుండా పెద్దవాడైన మనిషి లేడు. బండివాళ్లు కూడా మర్యాద కోసం ఒకసారి కొరడా ఝళిపించి తమ దారిన పోతారు. వెంకటి మాత్రం నేరనిర్మూలన వారోత్సవంలో లాగాడు. అతని ఏడాది గడువు తీరిపోయింది. కాని వదిలేస్తే సంఖ్య తగ్గుతుంది కనుక, శాస్త్ర ప్రయోజనార్థం ఉంచేశారు.

తల్లి రాములవ్వ గేటు దగ్గరే కూర్చుంది.

"నీ కొడుకు మీద పుస్తకం రాస్తున్నారవ్వా. మా కొడుకులకు ఆ భాగ్యం ఉందా?" అన్నారు సూపరింటెండెంటు రామ్‌దాస్‌గారు.

"గట్లయితె మీ కొడుకునే కూసోబెట్టుండ్రి సారూ. నా కొడుకును నాకియ్యుండ్రి."

లోపల పరీక్ష సాగుతోంది. "గడ లాగాక నీకేమనిపించింది?"

"దవడ నొచ్చింది సార్. గట్టి గడ."

ఆత్మారాం 'పశ్చాత్తాప శూన్యత' అని రాసుకున్నారు.

"మళ్లీ లాగుతావా?"

"బండొస్తె లాగుత."

ఆ మాటకు ఆత్మారాం నాలుక మీద ఏదో తీపి కదిలింది. ఇదే జిల్లా నవీపేటలో, చెరుకు బండ్లు పోయే దారి పక్కనే ఆయన బాల్యం గడిచింది. అది పరిశోధకునికి కలిగే సహానుభూతి అని తేల్చుకుని మంచినీళ్లు తాగారు.

పోలికకు సచ్ఛీలురు కావాలి. హైస్కూల్లో అధికారుల బిడ్డలను, సేట్ల బిడ్డలను ఇరవైమందిని ఏరారు. గడ లాగారా అంటే ఇరవైమందీ లేదన్నారు. కొందరి నోట్లో పిప్పి ఉన్నందువల్ల మాట స్పష్టంగా రాలేదు. ఉచ్చారణ దోషమని ఆయన నమోదు చేశారు.

ఫలితం తేలింది. దొంగలు అవునంటారు, సచ్ఛీలురు లేదంటారు. కనుక రోగం ఆ అవునులో ఉంది. చికిత్స వార్డరు భూమన్నకు అప్పగించారు. మందు అతని చేతికర్రే. మిగతావాళ్లకు మూడు రోజుల్లో నయమైంది. వెంకటికి పది రోజులు పట్టింది.

"లాగిన గద అన్నా! గందుకే గద తెచ్చిండ్రు!"

"నాకెర్కలేదార? గని లేదను," అన్నాడు భూమన్న.

పదకొండో రోజు పొద్దున వెంకటి లేదన్నాడు. ఆత్మారాం లేచి కరచాలనం చేశారు. పరిశోధన ముగిసింది. విడుదల సభలో రామ్‌దాస్‌గారు గద్గద స్వరంతో, "ఈ బాలుడు నేటితో మనలో ఒకడయ్యాడు" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

రాములవ్వ ఎదురుగా వచ్చి కొడుకు గడ్డం పట్టుకుంది. "కొట్టిండ్రా బిడ్డా?"

"లేదవ్వా," అన్నాడు వెంకటి, తడుముకోకుండా.

ఆత్మారాం ఆనందం పట్టలేక డైరీ తీసి 'సంపూర్ణ స్వస్థత' అని రాశారు. సభలోని పెద్దలందరూ నమ్మారు. అక్కడ ఉంటే మనమూ నమ్మేవాళ్లమే. రాములవ్వ ఒక్కతే, చదువుకోనిది కనుక, కొడుకు చొక్కా పైకెత్తి చూసింది.